బోర్లించిన బేసిను

"నా వల్ల కాదు పాస్టరమ్మా! ఆ వాసనకి లోపల నిలబడలేకపోయాను." స్త్రీల సమాజం సెక్రటరీ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గదిలోంచి బయటికొచ్చేసింది.

మందిరం వెనక తనుండే గదిలో గంటమ్మ చనిపోయి ఉంది. ఆదివారం గంట కొట్టేది కాబట్టి అందరూ అలాగే పిలిచేవాళ్ళు. మూడు వారాలు మంచాన పడి, వీపంతా పుండై, ఈ ఉదయం పోయింది. నాలుగింటికి భూస్థాపన. ఇప్పుడు రెండున్నర. ఇంకా స్నానమే కాలేదు!

వరండాలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు. ఒకావిడకి నడుం నొప్పి, ఒకావిడకి బీపీ, ఇంకొకావిడకి శవాన్ని చూస్తే కళ్ళు తిరుగుతాయట.

"మీ కోడల్ని పంపరాదూ?"

"అదా! పిల్లాడి ముడ్డి కడగడానికే గ్లౌజులడుగుతుంది."

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు.

శవపెట్టె తెచ్చిన వడ్రంగి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "అమ్మగారూ, మొన్న ఈస్టరు ముందు గురువారం, యేసయ్య శిష్యులకి కడిగినట్టు పన్నెండుమంది కాళ్ళు కడిగారుగా. మీరే ఓ చెయ్యి వెయ్యండి."

పాస్టరమ్మ మొహం ఎర్రబడింది. "అది ఆరాధనయ్యా. ఇది వేరు."

అనేశాక తనకే అదోలా అనిపించి గదిలోకి తొంగి చూసింది. గోడవారన బోర్లించిన అల్యూమినియం బేసిను. దాని మీద విప్పని కొత్త సబ్బు, మడతపెట్టిన తువ్వాలు. ఒక కాలు లోపల పెట్టింది. వాసన గుప్పుమంది. కాలు వెనక్కి తీసేసుకుంది.

"అవునూ, మా అత్తగారు పోయినప్పుడు ఒకావిడొచ్చింది కదా!" అంది సెక్రటరీతో. "తలనిండా ముసుగేసుకుని, తలుపేసుకుని, ఒక్కతే అంతా చేసింది. కాలి గోళ్ళలో మట్టి కూడా తీసింది పాపం. ఆ హడావుడిలో మొహమైనా చూళ్ళేదు. నువ్వేగా పంపించావు?"

"నేనా? మా అమ్మప్పుడూ వచ్చింది. మీరు పంపారనుకున్నా!"

"మా అక్కకీ ఆవిడే," అంది నడుం నొప్పావిడ. "అంతా అయ్యాక బేసిను కడిగి బోర్లించి, మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నా ఆగలేదు."

ఎనిమిదిమందీ మొహాలు చూసుకున్నారు. అందరిళ్ళకీ వచ్చింది. ఎవరూ పంపలేదు.

పాస్టరమ్మకి ప్రాణం లేచొచ్చింది. "ఎవరైతేనేం, ఆవిణ్ణే పిలిపిద్దాం! ఆవిడ ఇల్లెక్కడో ఎవరికైనా తెలుసా?"

వడ్రంగి తలకి చుట్టుకున్న తువ్వాలు మెల్లగా విప్పి లేచాడు.

"నాకు తెలుసమ్మా. ఆ ఇళ్ళన్నిటికీ పెట్టె తెచ్చింది నేనేగా. చాలాసార్లు చూశాను."

"హమ్మయ్య! తొందరగా చెప్పవయ్యా, ఎక్కడ?"

అతను తెరిచి ఉన్న గుమ్మం వైపు చూశాడు.

"ఈ గదేనమ్మా."