నౌఫెల్ గారి మిఠాయి

ట్యునీషియాలో ఓ చిన్న ఊరి కోర్టు. గుమాస్తా దలెండా ముగ్గురి పని ఒక్కతే చేస్తోంది. భరణం కోసం వచ్చిన ఆడవాళ్లు కౌంటర్ బయట ఎండలో నిలబడ్డారు.

పై అధికారి నౌఫెల్ మకరూద్ మిఠాయి పెట్టెతో వచ్చాడు.

"తీసుకో తల్లీ! మనమంతా ఒక కుటుంబం. హుషారుగా పనిచెయ్యాలి."

"మిఠాయి ఎందుకు సార్, ఇద్దరు మనుషుల్ని ఇప్పించండి. నిన్న కుర్చీలోంచి కళ్లు తిరిగి పడ్డాను."

"ఒత్తిడంతా మన మనసులోనే ఉంటుందమ్మా. ఓర్చుకోవాలి."

"మరి ఈ మిఠాయి దేనికి?"

నౌఫెల్ గొంతు తగ్గించాడు. "నాకు రాజధానికి బదిలీ అయింది. ఇక్కడి ఒత్తిడి తట్టుకోలేనని అర్జీ పెడితే వెంటనే ఇచ్చేశారు. నా బదులు ఎవరూ రారట. రేపట్నుంచి నా పని కూడా నువ్వే చూసుకోవాలి."

"మీ పనా సార్? అయితే బరువేం పెరగదు లెండి," అని దలెండా తర్వాతి ఆమెను పిలిచింది.