ఇంటికొక బొట్టు

“బొట్టు బిల్లలతోని ఓటేసుడేంది సారూ? ఇది పార్కు ముచ్చటా, పేరంటమా?”

అనసూయ గొంతు షామియానా దాటి రోడ్డు దాకా వినిపించింది.

హనుమకొండలోని ఆ కాలనీలో ఇరవై గుంటల ఖాళీ జాగా మిగిలింది. అందులో ఏం కావాలో మీరే తేల్చుకోండని చెప్పడానికి మున్సిపల్ ఆఫీసు నుంచి శ్రీకాంత్ వచ్చాడు. గంటసేపు అరుచుకున్నాక రెండు కోరికలు మిగిలాయి. తులసివనం, దాని మధ్య భజన మంటపం కావాలని అనసూయ. ఏమీ కట్టొద్దు, బతుకమ్మ ఆడుకోవడానికి, పిల్లలు ఉరకడానికి చదునైన మైదానం చాలని వినోద. చేతులెత్తమంటే సగం మంది రెండింటికీ ఎత్తారు. అప్పుడు వినోదే లేచి, “ఇంటికొక బొట్టు బిల్ల ఇద్దాం సారూ. నచ్చిన గడిల అంటువెడ్తరు” అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. “మంచి ఉపాయమమ్మా,” అన్నాడు శ్రీకాంత్ కూడా.

ఆ చప్పట్లే అనసూయకు ముల్లులా గుచ్చుకున్నాయి.

“నిన్నగాక మొన్నొచ్చింది కాలనీకి,” అంది పక్కనున్న మొగిలమ్మ చెవిలో. “దాని బతుకమ్మే ఎత్తు, దాని మాటే ఎత్తు. పదేండ్ల సంది శుక్రవారం శుక్రవారం భజన నడిపిస్తాన. నన్నెవలన్న అడిగిండ్రా?”

“నీ భజనకొచ్చేది నలుగురమేనాయె. గంత మంటపమెందుకే బిడ్డా?” మొగిలమ్మ బోసినోటితో నవ్వింది.

అనసూయ నవ్వలేదు. ఆ రోజూ శుక్రవారమే. పొద్దున దీపం వెలిగిస్తున్నప్పుడు కూడా ఆమె, మైదానం కోసం వినోద ఎన్ని ఇళ్లు తిరిగిందో లెక్కేసుకుంటూనే ఉంది. అమ్మవారు ఏమనుకుందో మరి.

ఫ్లెక్సీ మీద రెండు పెద్ద గడులు గీశారు. వినోద తెచ్చిన అట్టల్లోంచి యాభై ఆరు ఇళ్లకు యాభై ఆరు ఎర్ర బిల్లలు శ్రీకాంతే లెక్కపెట్టి పంచాడు.

“నేను ఫ్లెక్సీకి పెట్టాల్నా, నొసటికి పెట్టుకోవాల్నా?” అన్నాడు అనసూయ భర్త కిషన్ రావు. అందరూ నవ్వారు. అనసూయ ఆయన చేతిలోని బిల్ల లాక్కుపోయి తులసివనం గడిలో గట్టిగా అదిమింది.

అంటించడం అయిపోయింది. అందరూ చాయ్ దగ్గరికి కదిలారు. అనసూయ మాత్రం మెల్లగా ఫ్లెక్సీ దగ్గరికి నడిచింది. గాలి లేని మధ్యాహ్నం, మొహమంతా చెమట. కళ్లజోడు పూజగదిలోనే మరిచిపోయింది. తన గడిలో వేలుపెట్టి లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది. వినోద గడిలో బిల్లలు ఒకదాని పక్కన ఒకటి ఇరుకుగా ఉన్నాయి. ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది...

“అక్కా, చాయ్ చల్లారిపోతాంది!” వెనక నుంచి వినోద పిలిచింది.

అనసూయ ఉలిక్కిపడింది. ముందుకు తూలి మొహం ఫ్లెక్సీకి కొట్టుకుంది. “వస్తాన, వస్తాన,” అంటూ చెంగుతో మొహం తుడుచుకుని వచ్చేసింది. సమానమే. పోనీ, ఓడిపోలేదు.

పది నిమిషాల తర్వాత శ్రీకాంత్ మైకు పట్టుకున్నాడు. “తులసివనం ఇరవై ఎనిమిది. మైదానం ఇరవై తొమ్మిది.”

“తప్పు!” అనసూయ కుర్చీలోంచి లేచింది. “ఇరవై ఎనిమిదే! జరంతసేపటి కింద నేనే లెక్కవెట్టిన.”

“నా గడి నువ్వెందుకు లెక్కవెట్టినవక్కా?” అంది వినోద.

శ్రీకాంత్ మళ్లీ లెక్కపెట్టి తల గోక్కున్నాడు. “మొత్తం యాభై ఏడున్నాయి. ఇళ్లు యాభై ఆరే. ఒకటి ఎక్కువుంది.”

“చూసిండ్రా! దొంగ బొట్టు!” అనసూయ అందరి వైపూ తిరిగింది. “ఎవల గడిల ఎక్కువైందో చూస్తాండ్రుగా!”

“గాయిగాయి లొల్లి ఎందుకక్కా, మళ్లీ ఏద్దాం తియ్యి,” అంది వినోద.

“మళ్లీ ఏసుడు లేదు. దొంగను పట్టాలె. దొంగ బొట్టు అంటువెట్టినామె ఏది కోరిందో అది కొట్టెయ్యాలె. ఒప్పుకుంటవా?”

వినోద చాయ్ గ్లాసు కింద పెట్టింది. “ఒప్పుకుంట.”

శ్రీకాంత్ అందరినీ అడిగాడు. ఈసారి అన్ని చేతులూ ఒకేసారి లేచాయి. అతను ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి ఒక్కో బిల్లా చూసుకుంటూ ఒకచోట ఆగాడు.

“ఇదే ఎక్కువైంది. అట్టలది కాదు. చుట్టూ సన్నగా బంగారు అంచుంది.”

కళ్లజోడు లేని అనసూయకు అంచూ కనిపించలేదు, బంగారమూ కనిపించలేదు. కానీ దొంగ దొరికినట్టే అనిపించింది.

“ఇంకేంది! నొసటి మీది బొట్టు పీకి అంటువెట్టింది. వట్టి నొసలు ఎవలదో చూస్తే అయిపాయె!”

ఎవరూ కదలకముందే తానే బయలుదేరింది. ముందు వరుసలో ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని, దగ్గరికి వంగి చూసింది. మొగిలమ్మ నొసట రూపాయంత కుంకుమ. ఆమె పక్కావిడకూ ఉంది. అందరికంటే ఎక్కువసేపు వినోద నొసలు చూసింది. అక్కడా ఎర్రగా, గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది.

“ఇంకెవలు? ఎవలు మిగిలిండ్రు?” అంటూ వెనక్కి తిరిగింది.

అందరూ ఆమెనే చూస్తున్నారు. కిషన్ రావు తల వంచుకున్నాడు. శ్రీకాంత్ పెన్ను మూత తీసి, తులసివనం గడి ముందు నిలబడి, ఏం చేయాలన్నట్టు వినోద వైపు చూశాడు.

వినోద మిగిలిన అట్టలోంచి ఒక బిల్ల ఒలుచుకుని అనసూయ దగ్గరికి వచ్చింది.

“శుక్రవారం పూట వట్టి నొసటితోని ఉండద్దక్కా,” అంటూ ఆమె నుదుట పెట్టింది.