ఎత్తని చెయ్యి

భూపాలపల్లి బొగ్గుబావి కార్మికుల కాలనీ లైబ్రరీలో, ప్రతి ఆదివారం కహ్కషాన్ ఒక నవల చదివి వినిపిస్తుంది. ఈ వారం నవలలో బావిలో మంటలు లేచాయి. పని చేయించే మైనింగ్ సర్దార్ తన పక్కనున్న ఆరుగురిని కాపాడటానికి ఇనుప తలుపు మూసేశాడు. ఏడోవాడు అవతలే ఉండిపోయాడు.

"సర్దార్ చేసింది న్యాయమేనా? గేట్ మీటింగుల లెక్క చేతులెత్తుర్రి," అంది కహ్కషాన్.

"న్యాయమే! ఆరిండ్లల్ల దీపం నిలబెట్టిండు," అన్నారెవరో. వినడానికొచ్చిన రిటైరైన కార్మికులందరూ చేతులెత్తారు. కహ్కషాన్ కూడా ఎత్తింది.

ఒకప్పుడు సర్దారుగా చేసిన అక్తర్ మాత్రం ఎత్తలేదు. కూర్చోలేక లేచి వరండాలోకి వెళ్లి, అటూ ఇటూ తిరగసాగాడు.

బావి మంటల్లో తండ్రిని పోగొట్టుకున్న కహ్కషాన్ వెనకే వెళ్లింది.

"చాచా, మా అబ్బా అవతలుండంగ తలుపు మూసింది నువ్వేనని నాకు ఎప్పుడో తెల్సు. ఆ దినం ఆర్గురు బతికిన్రు. నీకోసమే ఈ నవల తెచ్చిన, అందరి ముందట చెయ్యెత్తిన. ఇగ పరేషాన్ గాకు."

అక్తర్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"ఆ చెయ్యి వాపస్ తీసుకో బేటీ."

"ఎందుకు చాచా?"

"ఆ ఆర్గురు అప్పటికే పైకెక్కిన్రు. మీ అబ్బా 'ఆగన్నా, వస్తున్న' అనుకుంట ఉరికొస్తుండె. తలుపు ఇవతల ఉన్నది నేనొక్కన్నే."