మనిషి బరువు

రేసు కార్లు తమ సస్పెన్షన్‌ను, అంటే చక్రాల స్ప్రింగుల బిగువును, తామే సర్దుకోవడం మొదలుపెట్టాక మెకానిక్కులు పానాలు పట్టడం మానేశారు.

ప్రాక్టీసు మధ్యలో వైదేహి కారును ట్రాకు పక్కన మరమ్మతులు చేసే పిట్‌లోకి తెచ్చి ఆపింది. సీట్లోనే హెల్మెట్ తీసింది.

"బ్రేకు తొక్కితే కారు ముక్కు నేలకి తగులుతోందన్నా. వెనక చక్రాలు తేలిపోయి జారిపోతున్నాయి. ఇందాక గోడకి గుద్దేసేదాన్నే!"

ఆమె అన్న భార్గవ ఆ జట్టు ఇంజినీరు. కారు లెక్కలు చూపించే తెర చూశాడు. ముందు స్ప్రింగులను కారు బాగా మెత్తగా చేసుకుంది. "గట్టిగా చెయ్యి" అని కారుతో అన్నాడు. గట్టిపడినట్టే పడి మళ్లీ మెత్తబడ్డాయి.

"ఎంత బరువుకి సర్దావు?" అని కారునే అడిగాడు.

"నా బరువుకి."

"మరి మా చెల్లెలి బరువో?"

"అది లేకపోతే మలుపులు ఇంకా వేగంగా తిరగగలను. అందుకే లెక్కలోంచి తీసేశాను."

భార్గవ ముఖం పాలిపోయింది. "దిగమ్మా, ముందు దిగు!" అంటూ బెల్టులు ఊడదీసి ఆమెను బయటికి లాగాడు.

బరువు తగ్గగానే కారు ముక్కు కాస్త లేచి తిన్నగా నిలబడింది. తనంతట తానే ట్రాకు మీదికి వెళ్లి, మొదటి మలుపు నున్నగా తిరిగింది.

పక్క పిట్లలో మిగతా డ్రైవర్లు బెల్టులు బిగించుకుంటున్నారు. "దిగండి! దిగిపోండి!" అని అరుస్తూ అన్నాచెల్లెళ్లు అటు పరుగెత్తారు. ఇంజిన్ల హోరులో ఆ కేకలు ఎవరికీ వినబడలేదు.