చక్రం కింద రాయి

"ముందు ఆ రాయి కింద పడెయ్," అన్నాడు ఉదయ్ భాస్కర్, ముసలాయన మణికట్టు మెలిపెడుతూ.

రాయి జారి కింద పడింది.

కారు వెనక లైటు పగిలి, ముక్కలు మట్టిలో మెరుస్తున్నాయి. డిక్కీ మీద జానెడు సొట్ట. బండి కొని ఇరవై రోజులు కాలేదు.

పక్కనే ముసలాయన కావడి బద్ద రెండుగా విరిగి పడి ఉంది.

"కర్రతో కొట్టింది చాలక రాయి కూడా ఎత్తావా? ఇందాకే చెప్పానా లేదా, బండి ముట్టుకోవద్దని?"

ముసలాయన నోరు తెరిచాడు. దగ్గు అడ్డొచ్చింది. ఎడమచేత్తో ఛాతీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఇందాక అంటే అరగంట క్రితం.

చర్ల దగ్గర గూడేనికి పోయే దారి అది. వాగులోకి దిగే వాలు మీద, ఇప్పచెట్టు నీడలో ఉదయ్ భాస్కర్ కారు ఆపాడు. ఆగీ ఆగకముందే ఈ ముసలాయన రెండు చేతుల్లో రెండు రాళ్లతో వచ్చి, వెనక చక్రం దగ్గర వంగాడు.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"రాయి పెడ్త సారూ. దిగుడున్నది."

"కొత్త బండి. గీతలు పడతాయి. అవతలికి పో."

ముసలాయన వెనక్కి తగ్గాడు. వెళ్లి చెట్టు మొదట్లో కూర్చున్నాడు. రాళ్లు మాత్రం పక్కనే పెట్టుకున్నాడు.

వెనక సీట్లో నాలుగేళ్ల పాప నిద్రపోతోంది.

"లేపి తీసుకెళ్దామండీ," అంది భార్య నాగలత.

"గూడెంలో తేనె కొనుక్కుని రావడానికి పది నిమిషాలు. కెమెరా ఉందిగా. బండి ఆగి ఉన్నా సరే, దేనికైనా తగిలితే చాలు, వీడియో తీసి ఫోనుకు పంపుద్ది. నీకంటే బాగా కాపలా కాస్తుంది."

"అయితే రేపటి నుంచి వంట కూడా దాన్నే చెయ్యమనండి."

నవ్వుకుంటూ వెళ్లారు. పది నిమిషాలు అరగంట అయింది. వచ్చేసరికి ఇదీ సంగతి.

కారు తలుపు తెరుచుకుంది. పాప చెమటతో తడిసిన ముఖం బయట పెట్టింది.

"డాడీ, ఎండ."

నీడలో పెట్టిన బండే. పొద్దు తిరిగిందనుకున్నాడు ఉదయ్ భాస్కర్. ఫోను తీశాడు. సిగ్నల్ లేదు.

"దుమ్ముగూడెం పోతే సిగ్నల్ వస్తుంది. నీ నిర్వాకం మొత్తం కెమెరాలో ఉంటుంది. పోలీసులకే చూపిస్తా."

పోలీసులన్న మాటకు ముసలాయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

పారిపోతున్నాడనుకున్నాడు ఉదయ్ భాస్కర్. చెంప మీద కొట్టాడు. ఛాతీ మీద చెయ్యి వేసి నెట్టాడు.

ముసలాయన చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"పెద్దాయనండీ, వదిలెయ్యండి," అంది నాగలత. పాపను ఎత్తుకుని కారెక్కింది.

దుమ్ముగూడెం పొలిమేరలోనే ఫోను మోగింది. ఆగి ఉన్న బండికి ఏదో తగిలిందని కబురు. రెండు వీడియోలు. ఒకటి ముందు కెమెరాది, ఒకటి వెనకది.

బండి పక్కకు తీసి మొదటిది తెరిచాడు. ముసలాయన అప్పటికే చెట్టు కింద లేడు. ఎదురుగా ఇప్పచెట్టు. అది మెల్లగా దూరమవుతోంది.

"ఇదేంటి, చెట్టు అలా పోతోంది?"

నాగలత ఫోను మీదికి వంగింది.

"పోతోంది చెట్టు కాదండీ. మన బండి."

రెండోది తెరిచాడు.

వెనక వాలు. దాని కింద వాగు. చెట్టు దగ్గర నుంచి ముసలాయన ఒక చేత కావడి బద్ద, ఒక చేత రాయితో పరుగెత్తుకొస్తున్నాడు. రాయి కింద పడేసి, బద్దను డిక్కీకి అడ్డం పెట్టి, దాని మీద ఛాతీ ఆనించాడు. కాళ్లు మట్టిలో జారుతున్నాయి. బద్ద ఫెళ్లున విరిగింది. లైటు పగిలింది. కారు బరువంతా అతని రొమ్ము మీద పడింది. అప్పుడే కాలితో ఆ రాయిని చక్రం కిందికి తోశాడు.

కారు ఆగింది.

ముసలాయన అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు. లోపల పాప లేచిన అలికిడి లేదు. ఛాతీ పట్టుకుని, రెండో రాయి కోసం వెనక్కి నడిచాడు.

ఉదయ్ భాస్కర్ చూపు హ్యాండ్ బ్రేక్ మీద పడింది. ఇందాక బయల్దేరేటప్పుడు దాన్ని దించిన గుర్తు లేదు. అసలు వేస్తేగా దించడానికి. సత్తుపల్లి చదును పొలాల దారుల్లో తోలిన చెయ్యి. దాంతో ఎప్పుడూ పని పడలేదు.

కారు వెనక్కి తిప్పాడు.

చెట్టు కింద ఎవరూ లేరు. ఆటోలో చర్ల దవాఖానాకు తీసుకుపోయారని ఎవరో చెప్పారు.

దవాఖానా వరండాలో, స్ట్రెచర్ మీద మనిషికి ముఖం మీదుగా దుప్పటి కప్పి ఉంది. పక్కన నేల మీద ఒక ముసలామె. కానిస్టేబుల్ పుస్తకంలో రాసుకుంటున్నాడు. చనిపోయింది పగిడయ్య. భార్య జంపక్క. పక్కటెముకలు విరిగి లోపలికి దిగాయి.

"పడ్డడంటున్నవ్ జంపక్కా. మరి చెంప మీద అయిదు వేళ్లు ఎట్ల పడ్డయ్?"

"ఏమో సారూ. పానం పోయేముందు, పడ్డననే చెప్పమన్నడు."

ఉదయ్ భాస్కర్ ఆమె ముందు కూర్చున్నాడు.

"పెద్దమ్మా, ఆయన అక్కడ రాళ్లు పెట్టుకుని ఎందుకు కూర్చున్నాడు?"

ఆమె అతని వైపు చూడలేదు.

"నిరుడు గా దిగుట్ల ఆపిన ట్రాక్టరు ఎన్కకు జారింది బాబూ. మా మనుమరాలు సుజాత చక్రం కింద పడ్డది. గప్పటిసంది ఏ బండి ఆగినా పోయి రాయి పెట్టొస్తడు. పెట్టనియ్యకపోతే, ఆ బండి కదిలిపోయేదాక ఆడనే కూసుంటడు."

కానిస్టేబుల్ కలం ఆపి మళ్లీ అడిగాడు.

"జంపక్కా, భయపడకు. కొట్టినోని పేరు చెప్పు."

"ఆమెకు తెలియదు," అన్నాడు ఉదయ్ భాస్కర్, లేచి నిలబడి. "రాసుకోండి. ఉదయ్ భాస్కర్. ఆ బండి నాదే, కొట్టింది నేనే."