ఇన్‌స్పెక్టరు గారి ముక్కు

పై వాటా దర్జీ పెంచుకునే పిల్లి కిటికీలోంచి దూకి, బల్ల మీది చీజ్ గిన్నెలో మూతి పెట్టి, అడుగంటా నాకి, మీసాలు తుడుచుకుంది.

కోడలి మొహం మాడిపోయింది.

"పాలు కలిపారు కదూ అత్తయ్యా?"

పాలూ పెరుగూ ముట్టని కోడలు వచ్చిందని, ఈ వయసులో పట్టుబట్టి పాలు లేని చీజ్ నేర్చుకున్న మనిషి అత్తగారు. జీడిపప్పు ముందురోజే నానబెట్టి, వెన్నలా రుబ్బి, నిమ్మరసం, ఉప్పు, గట్టిపడడానికి అగర్ పొడి వేసి ఉడికించి, ఫ్రిజ్‌లో పెట్టింది. తన కాఫీ పాలగిన్నెను ఆ దరిదాపుల్లో ఉండనివ్వలేదు. ఇదంతా చెప్పింది. ఒట్టు కూడా వేసింది, పాపం.

"నా నాలుక మోసపోవచ్చు. పిల్లి ముక్కు మోసపోదు," అంది కోడలు.

ఆ రోజు నుంచి పిల్లికి ఈ ఇంట్లో ఉద్యోగం దొరికింది. చీజ్ చేసినప్పుడల్లా మొదటి ముక్క దానికే. అది మూతి తిప్పుకుంటేనే కోడలు తింటుంది. కొడుకు దానికి ఇన్‌స్పెక్టరు గారని పేరు పెట్టి, భార్య చూసిన చూపుకు నవ్వు మింగేశాడు.

ఇన్‌స్పెక్టరు గారు ఒక్కసారీ మూతి తిప్పలేదు. అత్తగారు గిన్నెలు తోమినవే తోమింది. గరిటె వేరు పెట్టింది. కాఫీ తాగిన నోటితో చీజ్ వైపు ఊపిరైనా వదల్లేదు. పిల్లి మాత్రం పళ్ళెం కూడా మిగల్చనట్టు నాకేది.

చివరికి కోడలు తేల్చి చెప్పేసింది. ఈసారి కూడా పిల్లి ముట్టిందంటే తను వేరే పొయ్యి పెట్టుకుంటుందట. వేరే పొయ్యి అంటే, రేపోమాపో వేరే ఇల్లే మరి. కొడుకు తన చెప్పుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

అత్తగారు వంటింటి తలుపు వేసుకుంది. చేయని తప్పుకు ఇన్నాళ్ళు మాట పడితే ఎవరికైనా ఒక మొండితనం వస్తుంది. చాలాసేపటికి చీజ్ తెచ్చి బల్ల మీద పెట్టి, పక్కనే కూర్చుని కాఫీ తాగింది. నల్ల కాఫీ.

"పిలువమ్మాయ్ నీ ఇన్‌స్పెక్టర్ని," అంది.

పిల్లి వచ్చింది. గిన్నెలో మీసాలు ఆనించి వాసన చూసింది. గట్టిగా తుమ్మింది. తోక నిటారుగా ఎత్తి, వచ్చిన కిటికీలోంచే వెళ్ళిపోయింది.

కోడలికి కళ్ళనీళ్ళు వచ్చాయి. అత్తగారి చేతులు పట్టుకుని, అనుమానించినందుకు మన్నించమంది. ఒక ముక్క తింది. ఇంకో ముక్క తింది.

"అచ్చం అసలుదానిలాగే ఉంది అత్తయ్యా. ఇకనుంచి ఇలాగే చేయండి."

అప్పుడు పై వాటాలో దర్జీ, తనకు పాలు పడవు గనుక కళ్ళు తెరవని నాటి నుంచీ జీడిపప్పు పాలే పట్టి పెంచిన పిల్లిని ఒళ్ళో వేసుకుని, దీని మీసాలకు ఈ గేదెపాల వాసన ఎక్కడ అంటుకుందా అని ఆశ్చర్యపోతున్నాడు.