కాలం తిప్పిన పేజీ

"ఈ పేపరు రాసినవాళ్లకి అసలు బుర్రుందా?" అంటూ ప్రొఫెసరమ్మ కాగితాలు బల్ల మీద విసిరికొట్టింది.

భర్త వాటిని ఓపిగ్గా ఏరి, వరసగా పేర్చి మళ్లీ ఆమె ముందు పెట్టాడు. తలకెక్కిన పాడు జ్వరం తగ్గి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆమె చేతికి వచ్చిన మొదటి పని ఈ పరిశోధన పేపరే. రాసినవారి పేరు కొట్టేసి బాగోగులు చెప్పమనడం ఆ రంగంలో మామూలే.

కణం బదులు దానికి వ్యతిరేకమైన ప్రతికణాన్ని పెట్టి, కుడి ఎడమలను అద్దంలోలా మార్చి, కాలాన్ని వెనక్కి తిప్పి, మూడూ ఒకేసారి చేసినా సాపేక్ష సిద్ధాంతాన్ని పాటించే కణాల సమీకరణం చెక్కుచెదరదు. సిద్ధాంతాన్ని కొద్దిగా సవరిస్తే మాత్రం చెదురుతుందని ఆ పేపరు వాదన. ఆమె పొద్దుట్నుంచీ కాలాన్ని తిప్పిన పేజీ దగ్గరే ఆగిపోయింది.

"కాలాన్ని తిప్పితే తిప్పారు. పక్కనున్న కల్పిత సంఖ్య గుర్తెందుకు మారింది? ప్లస్సు కాస్తా మైనస్ ఎందుకైంది?"

"అది ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే చెప్తారట కదా," అన్నాడతను నెమ్మదిగా.

"ఎవరు చెప్తారు? చెప్పినవాళ్లని నా ముందుకి తీసుకురండి."

అతను సర్దిచెప్పబోయి నోరు జారాడు. రాసినావిడ తనకు తెలుసన్నాడు. ఈ పేపరు గట్టెక్కితేనే యూనివర్సిటీలో ఆవిణ్ణి మళ్లీ పాఠాలు చెప్పనిస్తారనీ, సాయంత్రంలోగా డిపార్ట్‌మెంట్ హెడ్డుకి ఏదో ఒకటి చెప్పాలనీ అన్నాడు.

ఆమె కళ్లద్దాలు తీసి అనుమానంగా చూసింది. ఆవిడెవరో అంత దగ్గరా అని దెప్పింది. మీలాంటి మొహమాటస్తుల వల్లే పేర్లు కొట్టేయాల్సి వస్తోందని విసుక్కుంది.

"ఇంకొక్కసారి చూడు. నా కోసం."

కాస్త మెత్తబడి, ఒక్కో గుర్తు మీదా వేలు పెట్టుకుంటూ మళ్లీ చదివింది. ఆ పేజీ దగ్గరకు రాగానే చిరాకు నెత్తికెక్కింది. ఎంత తన్నుకున్నా కొరుకుడు పడటం లేదు. తనకే అర్థం కానిది ఇంకెవరికి అర్థమవుతుందని ఆమె కోపం. చివరికి పెన్ను తీసి మొదటి పేజీ మీద అడ్డంగా గీత కొట్టింది.

"ఆవిడ పాఠాలు చెప్పడానికి పనికిరాదు. నేనన్నానని చెప్పండి."

అతను ఫోన్ తీసి, హెడ్డు నంబరు చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆవిడంటే అంత బాధా అని ఆమె అడిగితే తలూపాడు.

జ్వరం రాకముందు ఆ పేపరు రాసింది అతని భార్యే.